పోయినవారి వస్తువులు తుడవకండి

ఎవరైనా తమ ఇంట్లో పోయిన మనిషి వస్తువు తెచ్చి, దీనికి బొమ్మ వేయండి అని మీ చేతిలో పెడితే, ముందు దాన్ని బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకోండి. తుడవకండి, కడగకండి, తుప్పు గీకకండి. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. తెలియక ఏం పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు నర్సింలు. మెదక్ చౌరస్తా దగ్గర నా పెయింటింగ్ దుకాణం ఉండేది. షాపుల బోర్డులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు, గోడల మీద ఎలక్షన్ గుర్తులు రాస్తూ మొదలుపెట్టాను. చివరి ఇరవై ఏళ్లు మాత్రం వస్తువుల బొమ్మలే వేశాను. కళ్లద్దాలు, చేతికర్ర, తమలపాకుల డబ్బా, కుట్టుమిషను కత్తెర. చూసినవాళ్లు ఇది ఫోటోనా, చేత్తో వేసిందా అని దగ్గరికొచ్చి ముక్కు ఆనించి చూసేట్టు వేసేవాణ్ణి. ఇప్పుడు దుకాణం మూసేశాను. కుడి చెయ్యి వణుకుతోంది. ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరుగుతుందని దవాఖానాలో చెప్పారు. పొద్దున చాయ్ తాగాక ఒక గంట, మహా అయితే గంటన్నర నా చెయ్యి నా మాట వింటుంది.

దుకాణం మూసేనాటికి నేను వేయాల్సిన బొమ్మ ఒకటి మిగిలిపోయింది. అది నా భార్య సత్తెమ్మది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. మాకు పిల్లల్లేరు. ఊరందరి వస్తువులకూ బొమ్మలు వేసిన నా ఇంట్లో ఆమె వస్తువు ఒక్కటి కూడా లేకపోయింది. ఎందుకు లేకపోయిందో ఆ తప్పు దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. ముందు పని సంగతి.

ఉస్తాద్ దగ్గర

నాకు కుంచె పట్టడం నేర్పిన ఉస్తాద్ కోపిష్టి. గీత వంకర పోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. కొట్టాక తనే పోయి చాయ్ తెప్పించేవాడు. మొదటి ఆరు నెలలు నాతో ఏ వస్తువూ వేయించలేదు, నీడలే వేయించాడు. 

"అరే నర్సింలూ, గ్లాసు నువ్వు ఎయ్యకు. దాని నీడ ఎయ్. దాని ఎన్కకు ఏమున్నదో గది ఎయ్. గ్లాసు దానంతట అదే అస్తది" అనేవాడు.

అది నిజం. ఇప్పటికీ నేను చెప్పేది అదే. కొత్త పిల్లలు తెల్లటి మెరుపుతో మొదలుపెడతారు. అది పెట్టగానే బొమ్మ బాగా వచ్చినట్టు కనిపిస్తుంది, ఇక కింద పని చేయబుద్ధి కాదు. మెరుపు చివరి రోజు పెట్టండి.

కానీ ఉస్తాద్ నాకు ఒక చెడ్డ అలవాటు కూడా అంటించి పోయాడు. "బోర్డు మీద బూటు కొత్తగ ఉండాలె. పాత బూటు జూసి ఎవడు కొంటడు?" అనేవాడు. దుకాణం బోర్డుకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. అలా ఏది చేతికొచ్చినా టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి తుడిచి, తళతళలాడించి, అప్పుడు బొమ్మకు కూర్చోవడం నాకు అలవాటైపోయింది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది కానీ, ఆ అలవాటు పోలేదు.

కౌడిపల్లి కళ్లద్దాలు

బోర్డులు పోయాక, గోడకు దండ వేసుకునే ఫోటోలను చూసి పెద్దగా వేసిచ్చే పని కొన్నాళ్లు చేశాను. అదీ ఫోటో స్టూడియోల వాళ్లే తన్నుకుపోయారు. ఇక కుంచెలు అటక మీద పెట్టేద్దాం అనుకుంటున్నప్పుడు కౌడిపల్లి నుంచి బాలమణి అనే ఆమె వచ్చింది. భర్త పోయి నెల అయింది. తువ్వాలలో మూట కట్టి మూడు వస్తువులు తెచ్చింది. ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్లద్దాలు, సున్నం డబ్బీ, కీ ఇచ్చే చేతి గడియారం.

"ఫోటో ఏదమ్మా?" అన్నాను.

"ఫోటో దిగుమంటె దిగకపోతుండె సారూ. ఊరంత ఉరికిచ్చిండు గని ఒక్కటి దిగలే. గివైతె ఉన్నయ్. గివే ఎయ్యుండ్రి."

నాకు నవ్వొచ్చింది. "వస్తువులకు దండేస్తరా ఏంది?" అని అడిగాను. 

ఆమె నవ్వలేదు. "దండ ఎందుకు సారూ. జూస్తె మనిషి ఇప్పుడే గివి ఈడ వెట్టి బయటికి వోయిండు అన్నట్టుండాలె. గంతే."

ఈ పని ఏమిటో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. తరవాత ఎంతమంది వచ్చినా, ఆ మాటతోనే నా బొమ్మను కొలుచుకున్నాను.

ఆ దారం ముడి ఒక్కటే రెండు రోజులు తిన్నది. ఆయన కట్టిన ముడి అది, నూలుపోగులు పైకి లేచి ఉన్నాయి. ఒక్కో పోగునూ ఒంటి వెంట్రుక కుంచెతో లాగాను. బొమ్మ అయ్యాక బాలమణి వచ్చి చూసి బాగుందనలేదు, బాగాలేదనలేదు. "ఏడికి వోయిండో సూడు, అద్దాలు లేకుంట" అని బొమ్మను తిట్టింది. తిట్టి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అద్దాలను నేను శుభ్రంగా తుడిచే వేశాను. ఆయన వేలిముద్రలు ఏమన్నా వాటి మీద ఉండేవేమో. ఆమె చూసుకోలేదో, చూసి కూడా ఊరుకుందో నాకు తెలియదు.

సత్తెమ్మ పరీక్ష

మా ఇల్లు దుకాణం వెనక రెండు గదులు. సత్తెమ్మకు చదువు రాదు, బొమ్మల సంగతి అసలు పట్టదు. కానీ ఏ బొమ్మా ఆమె చూడకుండా బయటికి పోలేదు. తడి చేతులతో వంటింటి గడప మీద నిలబడి చూసేది. "తీసి లోపట పెట్టబుద్ధి అయితలేదు" అంటే ఇంకా కాలేదని. నేను గునుస్తూ మళ్లీ కూర్చునేవాణ్ణి.

ఒకసారి స్టీలు గ్లాసు బొమ్మ పూర్తిచేసి గోడకు ఆనించి, నేను బజారుకు పోయాను. వచ్చేసరికి ఒకటే కేకలు. "తాగిన గ్లాసు తాగిన కాన్నే వెడ్తవ్, ఈగలు ముసురుతయ్, ఎన్నిసార్లు జెప్పాలె?" అని. ఆమె చూపిస్తున్నది బొమ్మనే. నేను చెప్పేదాకా తెలుసుకోలేదు. తెలిశాక సిగ్గుపడి వారం రోజులు దుకాణంలోకి రాలేదు. పెద్దపెద్ద వాళ్లు శాలువాలు కప్పారు నాకు, అవన్నీ ఏ పెట్టెలో ఉన్నాయో కూడా తెలియదు. ఆ కేకలు మాత్రం ఇంకా వినిపిస్తాయి.

ఇంకొక సంగతి. రంగు కుంచెలు తుడవడానికి గుడ్డ కావాలి. ఇప్పటి పాలిస్టర్ బట్ట నూనెరంగును పీల్చదు. నూలుదే కావాలి, అదీ బాగా ఉతికి నలిగినదైతే మంచిది. ఆ గుడ్డలు నాకు సత్తెమ్మ ఇచ్చేది. ఆ డబ్బా ఎప్పుడూ నిండే ఉండేది, ఎక్కణ్ణుంచి వస్తున్నాయని నేను ఎన్నడూ అడగలేదు.

రేగోడ్ పటేలు చెప్పులు

రేగోడ్ దిక్కు ఒక పెద్ద రైతు కుటుంబం. తండ్రి పోయాడు. కొడుకు వ్యాపారంలో దిగి, మెల్లగా రాజకీయాల్లోకి కూడా పోయాడు. తండ్రి చేతికర్ర, తలపాగా, చెప్పులు కారులో తెచ్చాడు. చెప్పులు మడమ దగ్గర అరిగి, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

"బాపు చెప్పులు జర కొత్తయి చేసి ఎయ్యుండ్రి సార్. ఇంటికి పది మంది అస్తరు" అన్నాడు.

నేను వేశాను. ఉస్తాద్ నేర్పిన పనే కదా, తోలు మెరిసిపోయింది. బొమ్మను వాళ్ల హాల్లో తగిలించే రోజు నన్నూ పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓ మూలన కుర్చీలో కూర్చున్న పటేలు భార్య, ముసలామె, చాలాసేపు చూసి, "గీ చెప్పులు ఎవలయిరా?" అని అడిగింది. కొడుకు ఏదో సర్దిచెప్పబోయాడు. "మీ బాపుది కుడికాలు గుంజుతుండె గద. గిట్ల సక్కగ ఎప్పుడు నడిచిండు?" అంది. నేను భోజనం చేయకుండానే బస్సెక్కాను.

ఆ రోజు నేను సగమే నేర్చుకున్నాను. అబద్ధం వేయకూడదని తెలిసింది. తుడవకూడదని తెలియలేదు. తుడవడం కూడా అబద్ధమేనని నా మొద్దు బుర్రకు ఎక్కలేదు.

బొమ్మ మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లను మూడు మాటలు అడగండి. ఈ వస్తువు ఇంట్లో ఎక్కడ ఉండేది, దాని మీద వెలుతురు ఎటు నుంచి పడేది, ఆ మనిషి దీన్ని ఏ చేత్తో పట్టుకునేవాడు. ఫోటో తీసుకుని గళ్లు గీసుకుని వేయడంలో తప్పేం లేదు, నేనూ అలాగే వేశాను. కానీ వస్తువును చివరిదాకా ఎదురుగా ఉంచుకోండి. ఫోను ఒంటి కన్నుతో చూస్తుంది. బరువెంతో దానికి తెలియదు. మధ్యమధ్య వస్తువును చేత్తో ఎత్తి చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి వేయండి.

స్వరూప తెచ్చిన అద్దం

ఇది నా పెద్ద తప్పు. మెదక్‌లోనే ఉండే స్వరూప అనే అమ్మాయి వాళ్ల అమ్మ అద్దం తెచ్చింది. చెక్క చట్రం, జానెడు ఎత్తు, గోడకు తగిలించుకునేది. పని మీద ఊరికి పోతున్నానని, వారంలో వస్తానని చెప్పి నా దగ్గర వదిలేసి పోయింది. అద్దం మీద మసి, నూనె మరకలు, అంచు పొడుగునా ఎండిపోయిన బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి. నాకు కనిపించింది మురికే. బ్లేడుతో గీకి, టర్పెంటైన్‌తో తుడిచి, మా వంటింటి కిటికీ అందులో కనిపించేట్టు పెట్టి వేశాను. పని మాత్రం గొప్పగా వచ్చింది, ఆ మాట ఇప్పుడూ అంటాను.

స్వరూప వచ్చి బొమ్మ కాదు, ముందు అద్దం చూసింది. 

"సార్, గీడ బొట్టుబిళ్లలు ఉండాలె."

"అవి గీకిన బిడ్డా. మురికి ఉండె."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అద్దం అంచు మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి ఒకసారి రాసింది. "అమ్మ దవాఖానకు పోయే రోజు పెట్టుకునేది గూడ గిందులనే ఉండె" అంది.

పరేషాన్ అయిపోయి, నాలుగు రోజులు టైమ్ అడిగాను. బొమ్మలో అద్దం అంచుకు పది బొట్టుబిళ్లలు వేశాను. నిజమైనవాటికంటే నిజంగా వేశాను. స్వరూప చూసి తల అడ్డంగా ఊపింది. "అమ్మ ఎడమ దిక్కు అంటిస్తుండె సార్" అంది. అద్దం మాత్రం తీసుకుని పోయింది. బొమ్మ ఇప్పటికీ నా ఇంట్లోనే, గోడ వైపుకు తిప్పి ఉంది.

ఆ పూట అన్నం పెడుతూ సత్తెమ్మ అడిగింది. "తుడిసేటప్పుడు నన్నొక్క మాట అడగకపోయినవ్? ఒక దినం పెట్టుకున్న బిళ్ల తీసి అద్దానికి అంటిస్తం, తెల్లారి మళ్ల పెట్టుకోనీకె. గది గూడ తెల్వదా నీకు?"

"నువ్వు గూడ గట్లనే చేస్తవా?" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు ఏం చెప్పను. "ఇన్నేండ్ల సంది గడ్డం గీస్తున్నవ్ గదా గా అద్దంల" అంది.

లేచి పోయి చూశాను. మా అద్దానికి కింది అంచున, వరసగా, ఎనిమిది బొట్టుబిళ్లలు ఉన్నాయి. కొన్ని పాతబడి రంగు దిగిపోయాయి. రోజూ వాటికి ఎదురుగా నిలబడి గడ్డం గీసుకున్నవాణ్ణి. దారప్పోగు కూడా వదలకుండా వేస్తానని ఊరంతా మెచ్చుకున్న మనిషిని.

పదకొండో రోజు

సత్తెమ్మ జ్వరంతో దవాఖానాకు పోయి, మళ్లీ నడిచి ఇంటికి రాలేదు. అంతా తొమ్మిది రోజుల్లో అయిపోయింది. పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచుకోకపోవడం మా దగ్గర పద్ధతి. పదకొండో రోజు ఇల్లంతా కడుగుతారు. ఆమె చెల్లెలు యాదమ్మ నర్సాపూర్ నుంచి వచ్చి అన్నీ తనే చూసుకుంది. నేను బయట చుట్టాల మధ్య కూర్చుని ఉన్నాను. ఆమె రెండుసార్లు వచ్చి, ఏమన్నా ఉంచాలా అని అడిగింది.

"అన్ని తీసెయ్యుండ్రి. నా కండ్లకు ఏదీ కనబడొద్దు" అన్నాను. గట్టిగా, అందరి ముందూ అన్నాను.

అంతమందికి వస్తువులు దాచుకోమని చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట అన్నదీ నేనే. భయమేసింది, అంతకంటే వేరే కారణం లేదు. ఆమె దువ్వెన కనిపిస్తే తట్టుకోలేననుకున్నాను. సాయంత్రం చుట్టాలు పోయాక లోపలికి వచ్చి ముఖం కడుక్కుని అద్దం చూశాను. అద్దం తళతళలాడుతోంది. కింది అంచున ఏమీ లేదు.

నర్సాపూర్ బస్సు

చెయ్యి వణకడం మొదలయ్యాక బెంగ పట్టుకుంది. ఆమె బొమ్మ వేయకుండానే నా పని అయిపోతుందని. ముఖం వేద్దామంటే ఫోటో ఉంది. కానీ ఏ ఫోటోలో చూసినా సత్తెమ్మ రేషన్ కార్డుకు దిగినట్టే బిగుసుకుని ఉంటుంది. అది ఆమె కాదు. ఇప్పుడే వదిలి వంటింట్లోకి పోయినట్టుండే వస్తువు ఒకటి కావాలి నాకు.

నర్సాపూర్ బస్సెక్కాను. కౌడిపల్లి దాటి అడవి మొదలయ్యేదాకా ఎలా అడగాలో తేల్చుకోలేకపోయాను. యాదమ్మ చాయ్ ఇచ్చింది. అడిగేశాను.

"నువ్వే గద బావా, కండ్లకు కనబడొద్దంటివి. ఒక్కటన్న ఉంచుదమంటె నా మీదికే వస్తివి" అంది.

"అద్దం ఎవలు కడిగిన్రు?"

"నేనే కడిగిన" అంది. "అక్క బొట్టుబిళ్లలు జూస్తె నాకే దుఃఖం ఆగలే. నువ్వు జూస్తె ఏమైతవో అని కడిగిన బావా."

ఆమె తప్పేముంది. అప్పుడు చూశాను, ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర సత్తెమ్మదే. నా చూపు చూసి యాదమ్మ గాభరా పడింది. "చీర మంచిగుండె, పారెయ్య మనసొప్పలే. ఆగు బావా, విడిచి ఇస్త" అని లేచింది. వద్దన్నాను. ఆ చీర మడతలు ఇప్పుడు యాదమ్మ నడకకు అలవాటు పడ్డాయి. భుజం దగ్గర ఆమె పిన్నీసు ఉంది. దానికి బొమ్మ వేస్తే యాదమ్మ బొమ్మ అవుతుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. పక్క సీటులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

రంగు గుడ్డ

ఆ తరవాత రోజూ పొద్దున ఆ ఒక్క గంట చెయ్యి పూర్తిగా పోకుండా ఏదో ఒకటి వేస్తూ కూర్చునేవాణ్ణి. ఒక రోజు స్టీలు గ్లాసు వేస్తూ కుంచె తుడిచి, గుడ్డను బల్ల అంచు మీద పడేశాను. కిటికీ వెలుతురు దాని మీద పడింది. నీలం గళ్ల నూలు గుడ్డ. ఒక మూలన ఎర్ర అంచు కొంచెం మిగిలి ఉంది. ఆ అంచు పక్కన చిన్న కుట్టు, నీలం గుడ్డ మీద నల్లదారంతో.

ఆ కుట్టు నాకు తెలుసు. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడి చీర కాలితే సత్తెమ్మ దుకాణం గడప మీద కూర్చుని కుట్టుకుంది. సూదిబెజ్జం కనిపించక నన్ను పిలిచింది. నీలం దారం వెతకడానికి బద్ధకించి, చేతికందిన నల్లదారం ఎక్కించి ఇచ్చింది నేనే.

డబ్బా బోర్లించాను. అందులో ఇంకా మూడే గుడ్డలు ఉన్నాయి, నాలుగు మడతలు పెట్టి, అంచు పీలికతో కట్టి. జ్వరం రాకముందు ఆమె చింపి పెట్టిన ఆఖరి కట్ట అది. అన్నేళ్లూ ఆమె తన పాత చీరలే చింపి నాకు ఇస్తూ వచ్చింది. యాదమ్మ ఇల్లంతా సర్దింది కానీ, రంగుల బల్ల బావది కదా అని ముట్టుకోలేదు. ఆమె పోయాక కూడా ఇన్ని నెలలూ వాటితోనే కుంచెలు తుడిచి, నిండిపోయినవి చెత్తలో వేశాను. ఆమెవి ఏమీ లేవని బస్సెక్కి ఊరు పోయాను. ఎన్ని పారేశానో అని లెక్కపెట్టబోయి, చేతకాక ఊరుకున్నాను.

ఆ గుడ్డను ఉన్నచోటు నుంచి కదపలేదు. అందులో ఆరని నీలం రంగు ఉంది, నేను అప్పుడే తుడిచింది. అలాగే ఉండనిచ్చాను. అదే సైజులో కాన్వాసు కట్టి, బల్ల మీద గోడకు ఆనించి మొదలుపెట్టాను. ముందు నీడ, తరవాత మడతలు, ఆ తరవాత గళ్లు. చేతికి ఆసరాగా కర్ర పెట్టుకుని, రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు పట్టింది. కుంచెలు తుడవడానికి నా పాత లుంగీ చింపుకున్నాను. చింపడం కూడా రాలేదు నాకు. ఆమె పళ్లతో కొరికి చర్రున లాగేది, నేను కత్తెర పెట్టి వంకరటింకరగా కోశాను.

చివరి రోజు ఎర్ర అంచు ముగించాను. అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి, "జర జూడు" అన్నాను. అన్నాక తెలిసింది.

ఆ గుడ్డను ఎత్తి డబ్బాలో దాచాను. రంగు ఆరనిద్దామని బొమ్మను అక్కడే ఉంచాను. ఆ మధ్యాహ్నమే యాదమ్మ దవాఖానాలో చూపించుకోవడానికి మెదక్ వచ్చి, అటు నుంచి మా ఇంటికి వచ్చింది. నేను చాయ్ పెడుతుంటే ముందు గదిలో నుంచి ఆమె మాట వినిపించింది. 

"గీ మసిగుడ్డ బల్ల మీద ఎందుకు వెట్టినవ్ బావా? బయట పారేస్త తియ్."

నేను వచ్చేసరికి ఆమె చెయ్యి చాపింది. వేళ్లు కాన్వాసుకు తగిలి ఆగిపోయాయి. ఆమె వెనక్కి తగ్గి చూసింది. మళ్లీ వంగి చూసింది. 

"అక్క గళ్ల చీర" అంది. ఆ నల్లటి కుట్టు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు తన వేలికి అంటిన ఎర్రరంగు చూసుకుంది. బొమ్మలో ఎర్ర అంచు మీద ఆమె వేలిముద్ర పడి ఉంది. "అయ్యో, కరాబ్ జేసిన గదా బావా. ఆగు, తుడుస్త" అని కొంగు అందుకుంది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. 

"వద్దు యాదమ్మా. తుడవకు."